మా ఊరి విగ్రహం నిలబడి ఉండదు

నా చిన్నప్పుడు మైకు కనబడితే నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. వినాయక చవితి పందిట్లో పద్యాలు, స్కూల్లో ప్రతిజ్ఞ, తీర్థంలో తప్పిపోయిన పిల్లల పేర్లు చదవడం, ఏదైనా సరే నేనే. "దీనికి వస కాస్త ఎక్కువ పోసేశాం" అని మా అమ్మ నవ్వేది. ఆ మైకు పిచ్చిలోనే, పదకొండేళ్ళ వయసులో, దేశం కోసం ప్రాణం ఇచ్చిన మనిషి గురించి ఊరందరి ముందూ ఒక అబద్ధం చెప్పాను. ఊరు నమ్మింది. నమ్మి, ఆ అబద్ధానికి విగ్రహం పెట్టబోయింది కూడా. నన్ను తిట్టకుండా, నలుగురిలో పరువు తీయకుండా, ఆ తప్పు నా చేతే దిద్దించిన ఆవిడ మా పక్కింటి దొడ్డమ్మ. ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతున్నాయి. మా పిల్లల దృష్టిలో నేను ఎప్పుడో ముసలిదాన్ని అయిపోయాను కాబట్టి, ముసలివాళ్ళలాగే తీరిగ్గా చెబుతాను.

మాది కడియం పక్కన ఊరు. ఎటు చూసినా నర్సరీలే. పొద్దున్నే ఆడవాళ్ళు నల్ల కవర్లలో మట్టి నింపడానికి వెళ్ళేవారు, సాయంత్రానికి మొక్కల లోడుతో లారీలు ఉత్తరాదికి బయలుదేరేవి. దొడ్డమ్మ అలా కవర్లు నింపే మనిషే. భర్త పోయాక ఆ పని మీదే ఒక్కగానొక్క కొడుకుని పెంచుకొచ్చింది. ఆ కొడుకే నాకు పక్కింటి అన్నయ్య. నాకన్నా పదేళ్ళు పెద్ద. నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని కాలవ గట్టంతా తిప్పేవాడు, ఎంత వాగినా విసుక్కునేవాడు కాదు. మా ఇంట్లో ఆ ఓపిక ఎవరికీ లేదు.

అన్నయ్య పదో తరగతి అయ్యాక నర్సరీలో గులాబీలకు అంటు కట్టే పనిలో చేరాడు. నాటు గులాబీ కాండం మీద, నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో చిన్న గాటు పెట్టి, మేలు రకం కొమ్మ నుంచి తీసిన చిగురు కన్నుని అందులో దూర్చి, సన్నటి ప్లాస్టిక్ పట్టీతో చుట్టాలి. మడి పొడవునా వేల మొక్కలు. అందరూ వంగి కట్టేవారు, గంటకోసారి నడుం పట్టుకుని లేచేవారు. అన్నయ్య మాత్రం రెండు వరసల మధ్య గోనె పరుచుకుని, దాని మీద బోర్లా పడుకుని, మోచేతులు నేలకు ఆనించి కట్టేవాడు. ఒక మొక్క అయ్యాక గోనెతో సహా ముందుకి పాకేవాడు. చూసినవాళ్ళకు అది పనిలా ఉండేది కాదు. "ఏరా, నిద్దరొస్తుందా? దిండు తెమ్మంటావా?" అని ఆటపట్టించేవారు. 'పడక మేస్త్రి' అని పేరు కూడా పెట్టేశారు. అన్నయ్య నవ్వి ఊరుకునేవాడు. నెల తిరిగాక చూస్తే అతను కట్టిన కళ్ళే ఎక్కువ చిగిర్చేవి. అయినా పేరు మాత్రం పోలేదు.

ఒకరోజు కాకినాడలో మిలిటరీ సెలక్షన్లని తెలిసి ఎవరికీ చెప్పకుండా వెళ్ళాడు. నెగ్గి వచ్చాక తల్లికి చెప్పాడు. దొడ్డమ్మ ఆ పూట అన్నం వండలేదు. మర్నాడు మాత్రం తనే బజారుకెళ్ళి కొత్త పెట్టె కొనుక్కొచ్చి, రెండు జతల బట్టలు, ఒక ఆవకాయ సీసా అందులో సర్దింది. ఉన్న ఒక్క కొడుకుని ఎలా పంపుతున్నావని మా అమ్మ అడిగితే, "ఆడు అడిగాడొదినా. ఎప్పుడైనా ఏదైనా అడిగాడా ఆడు?" అంది.

దొడ్డమ్మకు చదువు రాదు. అన్నయ్య ఉత్తరాలు చదివి పెట్టేదాన్నీ, జవాబు రాసేదాన్నీ నేనే. ఇన్‌లాండు కవరు వచ్చిందంటే ఆవిడ చేతులు కడుక్కుని, పైట సర్దుకుని, పీట మీద కూర్చునేది. నేను వార్తలు చదివే ఆవిడలా గొంతు సవరించుకునేదాన్ని. ట్రైనింగు అయిన కొత్తలో వచ్చిన ఉత్తరం నాకిప్పటికీ గుర్తుంది. "అమ్మా, నాకు మెషిన్ గన్ ఇచ్చారు. చాలా బరువు. ముందు రెండు కాళ్ళుంటాయి, వాటి మీద ఆనించి, నేల మీద బోర్లా పడుకుని కాల్చాలి. ఊళ్ళో అందరికీ చెప్పు, ఇక్కడ కూడా నాకు పడుకుని చేసే పనే దొరికింది." అది విని దొడ్డమ్మ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ వాక్యం మళ్ళీ చదవమంది, మళ్ళీ నవ్వింది. నన్ను నర్సరీకి వెంటబెట్టుకెళ్ళి అక్కడి ఆడవాళ్ళందరికీ చదివించింది.

తరువాతి ఏడాది నెల రోజుల సెలవు మీద వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు, మెడ గట్టిపడింది, మాట మాత్రం అదే. ఒక మధ్యాహ్నం వాళ్ళ అరుగు మీద నాకు ఆ తుపాకీ సంగతి చూపించాడు. రోకలిని ఇటిక మీద ఆనించి దాని వెనక బోర్లా పడుకున్నాడు. నన్ను తన ఎడమ పక్కన పడుకోబెట్టి కొబ్బరితాడు చేతికిచ్చాడు. అది తూటాల పట్టీ అట. ఈ తుపాకీకి ఇద్దరు మనుషులుండాలి, ఒకడు కాలిస్తే రెండోవాడు పట్టీ అందిస్తూ ఉండాలి. అక్కడ తన రెండోవాడు శ్రీకాకుళం జిల్లా కుర్రాడని, ఇద్దరూ తెలుగులో తిట్టుకుంటుంటే మిగతావాళ్ళు వింతగా చూస్తారని చెప్పాడు. మూడు గుళ్ళు కాల్చి ఆపాలట, మళ్ళీ మూడు. ఆగకుండా కాలిస్తే గొట్టం కాలిపోతుందట. ఎంతమందిని చంపుతావని నేను ఉత్సాహంగా అడిగాను. అన్నయ్య రోకలి వదిలి నా వైపు తిరిగాడు.

"అది కాదే నా పని. మనోళ్ళు ఒక చోట నుంచి ఇంకో చోటుకి ఎల్లాలనుకో. అవతలోడు కాలుస్తుంటే ఎలా ఎల్తారు? నేను ఓ పక్కనుంచి అవతలోణ్ణి తలెత్తనివ్వకూడదు. మనోళ్ళు అందరూ దాటేదాకా నేను లేవకూడదు. అంతే."

నాకు అది అంత గొప్పగా అనిపించలేదు. సినిమాల్లో హీరో ఇలా చేయడు కదా అనుకున్నాను. తాడు అందించడం కూడా పది నిమిషాల్లో విసుగొచ్చి లేచిపోయాను.

ఆ తరువాతి వేసవిలో కార్గిల్ కొండల మీద యుద్ధం మొదలైంది. ఊళ్ళో టీవీ ఉన్న ఇళ్ళన్నీ నిండిపోయేవి. దొడ్డమ్మ మాత్రం టీవీ దగ్గరకు వచ్చేది కాదు. రోజూలాగే కవర్లు నింపుకునేది. వానలు మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసుకు ఫోనొచ్చింది. ప్రెసిడెంటు గారు, మా నాన్నగారు కలిసి నర్సరీకి నడిచి వెళ్ళారు. నాన్నగారు మా స్కూల్లో తెలుగు మాష్టారు, మాటకు ఎన్నడూ తడుముకోని మనిషి. ఆ రోజు ఆయన నోట మాట రాలేదట. ఇద్దరూ అలా నిలబడి ఉండడం చూసే దొడ్డమ్మకు అర్థమైపోయిందట. చేతిలోని కవరు పూర్తిగా నింపి, పక్కన పెట్టి, అప్పుడు లేచిందట.

అన్నయ్యను జెండా కప్పిన పెట్టెలో తీసుకొచ్చారు. అమ్మే మొక్కల మీది పువ్వు కోయకూడదని మా నర్సరీల్లో గట్టి కట్టుబాటు. పిల్లలు కోస్తే చెవి మెలేసేవారు. ఆ రోజు ఏ నర్సరీ యజమానీ ఆ మాట ఎత్తలేదు. తెల్లారేసరికి ఊళ్ళో గులాబీ మొక్క మీద పువ్వన్నది మిగల్లేదు. పడక మేస్త్రి అని పిలిచిన నోళ్ళే ఆ రోజు బొంగురుపోయేదాకా జై కొట్టాయి. ఆఫీసరు మడిచిన జెండా ఇస్తే దొడ్డమ్మ రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుంది. ఆవిడ అంత నిటారుగా నడవడం నేను అంతకుముందు చూడలేదు. ఏడ్చాను గానీ, నిజం చెప్పాలంటే ఆ ఏడుపు నిండా గర్వమే. అంత మనిషి నన్ను సైకిలు మీద తిప్పాడు కదా అని.

తరువాత పంద్రాగస్టు వచ్చింది. స్కూలు మైదానంలో ఊరంతా చేరింది. అన్నయ్య గురించి మాట్లాడమని నన్నే నిలబెట్టారు. ఎలా చనిపోయాడో మాకు ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు. 'శత్రువుతో పోరాడుతూ' అన్న ఒక్క మాటే వచ్చింది. నాకు ఆ ఒక్క మాట సరిపోలేదు. ఉన్న కథలో బోర్లా పడుకోవడం తప్ప ఇంకేమీ లేదు, దానికి చప్పట్లు కొడతారన్న నమ్మకం నాకు లేదు. అందుకని అన్నయ్యను లేపి నిలబెట్టాను. కొండ శిఖరం మీద ఒంటరిగా నిలబడి, మెషిన్ గన్ ఒంటి చేత్తో ఎత్తి, సింహంలా గర్జిస్తూ వందమందిని నేల కూల్చాడని చెప్పాను. చివరి శ్వాసలో జెండా పాతాడన్నాను. పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. ఇదంతా నీకెలా తెలుసని నాన్నగారు ఇంటికొచ్చాక అడిగితే, ఉత్తరాల్లో ఉందని చెప్పాను. నాన్నగారు నమ్మారు. ఉత్తరాలన్నీ చదివినది నేనే కదా. దొడ్డమ్మ కూడా ఆ సభలో ముందు వరసలో కూర్చుంది. అయ్యాక నా తల నిమిరి, "బాగా సెప్పేవమ్మా" అంది.

నా ఉపన్యాసం విన్న ఊపులోనే ప్రెసిడెంటు గారు విగ్రహం పెడదామన్నారు. కోనసీమ నుంచి శిల్పి వచ్చి, పంచాయతీ ఆఫీసు పక్క షెడ్డులో బంకమట్టితో నమూనా మొదలుపెట్టాడు. నేను చెప్పినట్టే చేశాడు. ఒక బూటు బండ మీద, తల వెనక్కి, మీసం మెలితిరిగి, తుపాకీ ఆకాశంలోకి. అన్నయ్యకు అసలు మీసమే సరిగ్గా మొలవలేదు. కింద పలక మీద చెక్కడానికి నా ఉపన్యాసంలోని వాక్యమే ఎంచారు. రోజూ స్కూలు వదలగానే ఆ షెడ్డుకి వెళ్ళి చూసుకుని మురిసిపోయేదాన్ని. నా మాట రాతి మీదకు ఎక్కుతోందంటే సామాన్యమా మరి.

దసరా సెలవుల్లో ఒక ఉదయం దొడ్డమ్మ ఇంటికి సన్నటి కుర్రాడొకడు వచ్చాడు. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. అన్నయ్య చెప్పిన శ్రీకాకుళం అబ్బాయి అతనే. ఆస్పత్రి నుంచి పంపగానే తన ఇంటికి కూడా వెళ్ళకుండా ముందు ఇక్కడ దిగాడు. దొడ్డమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

పైన శత్రువు ఉన్న బండల మీదకు పదిమంది ఎక్కుతుంటే తెల్లవారిపోయిందట. వాలు మీద నక్కడానికి ఏమీ లేని చోట చిక్కుకుపోయారు. ఎనిమిదిమంది ముందు, వెనక ఓ పక్కగా మెషిన్ గన్‌తో అన్నయ్య, ఈ అబ్బాయి. ముందున్న వాళ్ళు వెనక్కి బండల చాటుకి రావాలంటే పైనున్న వాళ్ళని తలెత్తనివ్వకూడదు. అన్నయ్య మూడేసి గుళ్ళు కాలుస్తూనే ఉన్నాడు. ఒక్కొక్కరూ దిగి వస్తున్నారు. మధ్యలో ఈ అబ్బాయి చేతికి గుండు తగిలింది.

"ఇంక పట్టీ అందించలేకపోనానమ్మా. నన్ను కూడా కిందికి పొమ్మన్నాడు. పోనంటే తెలుగులో తిట్టాడు. అప్పటినుంచీ రెండు పనులూ ఆడొక్కడే సేసుకున్నాడు. ఎనిమిదోవాడు చాటుకొచ్చిందాకా తుపాకీ ఆగనేదు. అందరం తొమ్మిదిమందిమీ లెక్కకొచ్చాక అప్పుడాగింది. రమ్మని కేకేసినాం. రానేదు. మర్నాడు ఆ తొమ్మిదిమందిలో నడవగలిగినోళ్ళే మళ్ళీ ఎక్కి ఆ బండలు గెలిచినారు. దిగొచ్చి సూస్తే ఆడు అలాగే బోర్లా, చెంప తుపాకీకి ఆనించి ఉన్నాడు. గురి సూస్తున్నాడనే అనుకున్నారంట."

దొడ్డమ్మ వింటున్నంతసేపూ అతని గాయపడ్డ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని ఉంది. అయ్యాక, "తొమ్మిదిమందీ ఇళ్ళకెళ్ళారా బాబూ?" అని అడిగింది. వెళ్ళారన్నాడు. "అయితే ఆడు పని పూర్తి సేసే పడుకున్నాడన్నమాట" అంది. ఆవిడ కంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. కానీ ఆ మొహం నేను చూశాను. ఆ మొహంలో ఉన్నది గర్వం, అనుమానం లేదు.

భోజనం అయ్యాక అతను విగ్రహం చూస్తానన్నాడు. నేనూ వెంట వెళ్ళక తప్పింది కాదు. నమూనా ముందు చాలాసేపు నిలబడి, మెల్లిగా అన్నాడు. "ఎవరమ్మా ఇలా సెప్పింది? ఆడు ఇలా లేచి నిలబడుంటే అరనిమిషం బతకడు. మేం తొమ్మిదిమందిమీ ఉండం." దొడ్డమ్మ నా వైపు చూడలేదు. నన్ను చూపించి ఇదే చెప్పిందని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. "తెలీక ఎవరో అన్నారులే బాబూ" అని అతన్ని ఇంటికి తీసుకెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి నన్ను నర్సరీకి సాయం పిలిచింది. గులాబీ మడిలో రెండు వరసల మధ్య గోనె పరిచి, దాని మీద బోర్లా పడుకోమంది. మోచేతులు ఆనించి, తల ఎత్తి, అవతలి గట్టు మీద పాతిన కర్ర వైపే చూడమంది. "మేం ఈ తొమ్మిది గంపల మొక్కలూ లారీకి చేరేసే దాకా కర్ర మీద నుంచి చూపు తిప్పకమ్మా. తిప్పితే మేం ఎక్కడున్న వాళ్ళం అక్కడే ఆగిపోతాం" అని చెప్పి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో గంపలు మోయడం మొదలుపెట్టింది.

ఆటలా ఉందనుకున్నాను. మొదటి గంప వెళ్ళేసరికే మోచేతులు మండాయి. రెండో గంపకు మెడ పట్టేసింది. గండు చీమ ఒకటి మోకాలి వెనక కుట్టింది. ఎండ వీపు మీద చుర్రుమంటోంది. నాలుగో గంప లారీ దగ్గరకు వెళ్ళకముందే నేను కళ్ళు మూసేశాను. అడుగుల చప్పుడు ఆగిపోయింది. చూస్తే ముగ్గురు ఆడవాళ్ళూ బరువు తల మీద పెట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. దొడ్డమ్మ మెడ నరాలు తేలి కనిపిస్తున్నాయి. నేను గబుక్కున మళ్ళీ కర్ర వైపు చూశాను, వాళ్ళు కదిలారు. తొమ్మిదో గంప చేరేదాకా కన్నార్పాలన్నా భయమేసింది. అయ్యాక లేవబోతే లేవలేకపోయాను. దొడ్డమ్మే వచ్చి చంకల్లో చేతులేసి లేపి, మోకాళ్ళ మట్టి దులిపింది.

"ఆ ఉత్తరం నువ్వే కదమ్మా నాకు చదివావు" అంది. కోపం లేదు ఆ గొంతులో. "పడుకుని చేసే పనే దొరికిందని మావోడు రాస్తే ఇద్దరం ఎంత నవ్వుకున్నాం. మరి నలుగురిలోకి వచ్చేసరికి నీకు ఎందుకు చిన్నతనంగా అనిపించింది? నాకు అనిపించలేదే."

నేను అప్పుడు ఏడ్చినంత ఏడుపు అన్నయ్య పెట్టె వచ్చిన రోజున కూడా ఏడవలేదు. దొడ్డమ్మ ఏడవనిచ్చింది, ఊరుకోమని అనలేదు. సాయంత్రం పంచాయతీ దగ్గర పెద్దలు కూర్చుంటారని, విగ్రహం సంగతి మాట్లాడ్డానికి తను వెళ్తున్నానని మాత్రం చెప్పింది. రమ్మని అడగలేదు.

నేను వెళ్ళాను. పెద్దలంతా కుర్చీల్లో ఉన్నారు. శ్రీకాకుళం అబ్బాయి గోడ వారగా నిలబడ్డాడు, నోరు విప్పవద్దని దొడ్డమ్మ అతని దగ్గర ముందే మాట తీసుకుందట. దొడ్డమ్మ ఎంతో మర్యాదగా, తన కొడుకు విగ్రహం బోర్లా పడుకున్నట్టు చేయించమని అడిగింది. ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. పడుకున్న విగ్రహం ఏంటండి, అశుభం కాదూ? శవానికి మొక్కినట్టుంటుంది. దండ ఎక్కడ వేస్తాం? రేపు ఆవిష్కరణకు ఎమ్మెల్యే గారొస్తే నేల మీద కూర్చోమంటామా? ప్రెసిడెంటు గారు మంచివారే, దొడ్డమ్మంటే గౌరవం ఉన్నవారే. ఆయన కూడా, "అమ్మా, మీ అబ్బాయి నిలబడి పోరాడాడని ఊరంతా విన్నాం గదండి. ఉత్తరాలు చదివిన పిల్లే చెప్పింది" అన్నారు. ఒక్క మాటతో దొడ్డమ్మ గెలిచేది, కానీ ఆ మాట అంటే నేను అబద్ధాలకోరునని ఊరికి తెలిసిపోతుంది. ఆవిడ తల వంచుకుని నిలబడింది. తన కొడుకు నిజాన్ని నా కోసం వదులుకోబోతోందని నాకు అప్పుడు అర్థమైంది.

ముందుకు వెళ్ళి, "నేను కల్పించానండి. ఉత్తరాల్లో అలా లేదు" అన్నాను. మా నాన్నగారు కుర్చీలోంచి లేచారు. "మరి ఎలా ఉంది?" అని ఎవరో గద్దించారు. చెబుదామనుకున్నాను. అంత వాగుడుకాయకు గొంతులో ఒక్క ముక్క రాలేదు. ఏం చేయాలో తెలియక, ఆ పంచాయతీ వాకిట్లో, అందరి చెప్పుల పక్కన, బోర్లా పడుకుని మోచేతులు ఆనించాను. ఎవరో నవ్వారు కూడా. ఇంతలో నా ఎడమ పక్కన ఎవరో వచ్చి పడుకున్నారు. శ్రీకాకుళం అబ్బాయి. ఇస్త్రీ చొక్కాతో ఆ దుమ్ములో పడుకుని, రెండు వేళ్ళు లేని చేత్తో, కనబడని పట్టీని నాకు అందించడం మొదలుపెట్టాడు. ఆ చేయి ఆగలేదు.

ఆ నవ్వినవాళ్ళు ఆగిపోయారు. కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఒక్కరొక్కరే లేచి నిలబడ్డారు. ప్రెసిడెంటు గారు మా ముందు గొంతుక్కూర్చుని, "ఇలాగేనా బాబూ?" అని అడిగారు. "ఇలాగేనండి" అన్నాడతను. ప్రెసిడెంటు గారు కండువాతో మొహం తుడుచుకుని, దొడ్డమ్మ వైపు తిరిగి, "ఆయ్, అలాగే చేయిద్దామండి. ఎమ్మెల్యే గారైనా ఎవరైనా కూర్చునే వేస్తారు దండ" అన్నారు.

ఇంక పలక మీద ఏం చెక్కాలన్నది మిగిలింది. నా వాక్యం ఎటూ పోయింది. దొడ్డమ్మ అడిగినది విని మళ్ళీ అందరూ తెల్లబోయారు. తన కొడుకు పేరు కింద ఆ తొమ్మిదిమంది పేర్లూ రాయించమంది. బతికున్నవాళ్ళ పేర్లు చనిపోయినవాళ్ళ రాతి మీద రాయకూడదమ్మా, వాళ్ళకు కీడని పురోహితుడు గారు నెమ్మదిగా చెప్పారు. ఆవిడ కూడా అంతే నెమ్మదిగా, "మావోడు ఏం చేశాడో ఆ పేర్లు చూస్తేనే గదండి తెలిసేది. వాళ్ళకేం కాదండి. ఆ కీడేదో మావోడు ఎప్పుడో కాసేశాడు" అంది. శ్రీకాకుళం అబ్బాయి దుమ్ము దులుపుకుంటూ వచ్చి, "ముందు నా పేరు రాయండి" అన్నాడు.

మిగతా ఎనిమిదీ అతను చెబుతుంటే రాసింది నేనే. తప్పు చెప్పిన పిల్లే రాయాలని నాన్నగారు కాగితం నా ముందు పెట్టారు. పంజాబు పేర్లు, గఢ్వాలు పేర్లు, ఒక తమిళుడు, ఇద్దరు బీహారువాళ్ళు. తెలుగులో ఎలా రాయాలో తెలియక ఒక్కొక్కటి రెండేసి సార్లు పలికించుకున్నాను. దొడ్డమ్మ పక్కన కూర్చుని నాతో పాటు పలికింది. చదువు రాని మనిషి, వారం తిరక్కుండా తొమ్మిదీ వరసగా అప్పజెప్పేది. ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే దీపం పెట్టి ఆ పేర్లు ఒకసారి అనుకున్నాకే పనిలోకి వెళ్ళేది.

దొడ్డమ్మ ఇప్పుడు లేదు. మా ఊళ్ళో తొమ్మిది పేర్ల పలక పైన అన్నయ్య విగ్రహం మాత్రం బోర్లా పడుకునే ఉంది. నేను టీచర్ని అయ్యాను, మైకు ఇంకా చేతిలోనే ఉంటుంది. అన్నయ్య గురించి చెప్పమని ప్రతి ఏడూ పంద్రాగస్టుకి ఎక్కడో ఓ చోట పిలుస్తారు. ముందు ఆ తొమ్మిది పేర్లూ కాగితం చూడకుండా చెబుతాను. వీళ్ళంతా ఇళ్ళకు చేరారని చెబుతాను. ఆ తరువాతే అన్నయ్య పేరు చెబుతాను. ఇరవై ఏళ్ళు దాటినా ఒక్క పేరూ తప్పిపోలేదు. ఎప్పుడైనా తడబడితే, ఎండలో బరువెత్తుకుని ఎవరో ఆగిపోతారన్న భయం నాకు ఇప్పటికీ ఉంది.